సార్‌కు గుండ్రంగానే కావాలట, నేనేం చేయను?

అనంతపురం నుంచి ఒకామె రాశారు. పేరు వద్దన్నారు, ఆఫీసు పేరు అసలే వద్దన్నారు. ఉత్తరం పెద్దది, అందుకని ముఖ్యమైనవి మాత్రం ఆమె మాటల్లోనే కుదించి ఇస్తున్నాను.

"నేను ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదివాను. ఔట్‌సోర్సింగ్‌లో ఒక ఆఫీసులో డేటా పని. మండలాల నుంచి వచ్చే వర్షపాతం, సాగు విస్తీర్ణం, దిగుబడి లెక్కలన్నీ ఒకచోట చేర్చి నెలనెలా సమీక్షకు పీపీటీ తయారుచేయాలి. మా సార్ మంచివారే, కానీ ఆయనకు పై చార్ట్ (గుండ్రాన్ని ముక్కలుగా కోసి వాటాలు చూపే బొమ్మ) అంటే ప్రాణం. అది కూడా త్రీడీలో, పక్కకు వాలి, ముక్కలు విడివిడిగా ఎగిరిపోతున్నట్టు ఉండాలి. ఖరీఫ్ పంటలు పద్నాలుగింటినీ ఒకే గుండ్రంలో పెట్టించారు. పోయిన సమీక్షలో పెద్ద సార్ తెర వైపు చూసి 'కంది ఎక్కువుందా, ఆముదం ఎక్కువుందా?' అని అడిగారు. రెండు ముక్కలూ ఆకుపచ్చే, ఎవరికీ అర్థం కాలేదు. మా సార్ అందరి ముందూ నా వైపు తిరిగి 'ఏమ్మా, ఎమ్మెస్సీ చదివి ఇట్లనా చేసేది?' అన్నారు. అట్ల చేయమన్నది ఆయనే కదా! నోరు మెదపలేకపోయాను. అదే మీటింగులో ఇరవై ఏళ్ళ చెనిక్కాయ (వేరుశనగ) విస్తీర్ణం గీత చూపిస్తే 2022 దగ్గర ధబేల్మని పడిపోయింది, దానికీ నన్నే అన్నారు. ఇప్పుడు కొత్త టెన్షన్. సబ్సిడీ విత్తనం అడిగినవాళ్ళలో ఎంత శాతం మందికి అందిందన్న చార్ట్‌లో పోయినేటికీ ఈ ఏటికీ తేడా చిన్నది. 'నిలువు గీతను 90 నుంచి మొదలుపెట్టమ్మా, తేడా బాగా కనపడుతుంది' అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. మా ఆయనేమో 'జీతమిచ్చేవాళ్ళు గుండ్రంగా గీయమంటే గుండ్రంగా గీయి, నీకెందుకు' అంటున్నారు. త్వరలో కాంట్రాక్టు రెన్యువల్ ఉంది. టెన్త్‌లో కమ్మీ చిత్రం (బార్ చార్ట్), సోపాన చిత్రం (హిస్టోగ్రామ్) బట్టీ పట్టాను, ఎమ్మెస్సీలో పెద్దపెద్ద సూత్రాలు రుజువు చేశాను, ఏ లెక్కకు ఏ గ్రాఫ్ గీయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఒక పట్టికలా రాసిస్తారా? సార్‌తో ఎలా మాట్లాడాలో కూడా చెప్పండి."

అమ్మా, ముందు ఆ పట్టిక సంగతి. అది ఇవ్వను. ఇవ్వలేక కాదు, అలాంటి పట్టికలు ఏ పాఠ్యపుస్తకం వెనక చూసినా దొరుకుతాయి, వాటాలకు ఇది, కాలక్రమానికి అది అని. మీ సార్ కూడా ఆ లెక్కనే నడుస్తున్నారు. "పంటల వాటా అంటే పై చార్ట్" అని ఆయనకెవరో ఎప్పుడో చెప్పి ఉంటారు. పట్టికను నమ్ముకున్నందుకే మీటింగులో అంత రభస అయింది.

మీ ఉత్తరంలో మూడు వేర్వేరు ముడులు ఒకదానికొకటి చిక్కుకుని ఉన్నాయి. ఏ గ్రాఫ్ సరైనదన్నది ఒకటి. చెప్పినట్లే చేసినా మాట పడాల్సి రావడం ఇంకొకటి. ఆ 90 వ్యవహారం మూడోది. మొదటిది పనితనం, రెండోది మనిషితో నెగ్గుకురావడం, మూడోది నిజాయితీ. ఈ మూడింటినీ కలిపేసి "సార్ చెప్పేదంతా తప్పు" అని మీరు, "సార్ చెప్పిందల్లా చేసెయ్" అని మీ ఆయన, ఇద్దరూ చెరో కొసా పట్టుకుని లాగుతున్నారు. విడదీసి చూద్దాం.

గ్రాఫ్ గురించి. పెద్ద సార్ ఏమడిగారు? కంది ఎక్కువా, ఆముదం ఎక్కువా అని. అది రెండింటిని పోల్చే ప్రశ్న. పై చార్ట్ చెప్పేదేమో మొత్తంలో ఈ ముక్క వాటా ఎంత అని. అంటే మీ తెర మీదున్న బొమ్మ ఆ గదిలో ఎవరూ అడగని ప్రశ్నకు జవాబు చెబుతోంది. గ్రాఫ్ మొదలుపెట్టే ముందు ఈ బొమ్మ చూసి ఎవరు ఏం అడుగుతారో ఒక వాక్యంగా కాగితం మీద రాసుకోండి. ఆ వాక్యం రాయలేకపోతే ఆ గ్రాఫ్ అక్కర్లేదన్నమాట, అంకెల పట్టికే పెట్టేయండి, ఎవరూ ఏమనరు.

పై చార్ట్‌తో పోలికలు ఎందుకు కుదరవో మీకు తెలిసే ఉంటుంది, అయినా సార్‌కు చెప్పడానికి పనికొస్తుందని రాస్తున్నాను. 1984లో విలియం క్లీవ్‌లాండ్, రాబర్ట్ మెక్‌గిల్ అనే ఇద్దరు గణాంక నిపుణులు జనానికి రకరకాల బొమ్మలు చూపించి, దేన్ని ఎంత కచ్చితంగా అంచనా వేస్తారో పరీక్షించారు. ఒకే కొలబద్ద మీద పక్కపక్కన ఉన్నవాటి ఎత్తును మన కన్ను బాగా పట్టుకుంటుంది, కోణాల దగ్గరికి వచ్చేసరికి పొరబడుతుంది, వైశాల్యాల దగ్గర ఇంకా తడబడుతుంది. పై చార్ట్ నిండా ఉండేవి కోణాలూ వైశాల్యాలే. దాన్ని త్రీడీ చేసి వాల్చారంటే ముందున్న ముక్కకు అంచు మందం కూడా కలిసి లేనిపోని పెద్దరికం వస్తుంది, వెనకున్నది నలిగిపోతుంది. అన్నం పళ్ళేన్ని వాలుగా పట్టుకుని ఏ కూర ఎంతుందో చెప్పమన్నట్టుంటుంది. పైగా పద్నాలుగు రంగులు. మీ ల్యాప్‌టాప్‌లో వేర్వేరుగా కనిపించే ఆకుపచ్చలు ప్రొజెక్టర్ తెర మీద పడేసరికి ఒకటే అయిపోతాయి. మగవాళ్ళలో కొందరికి పుట్టుకతోనే ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియదు. వాళ్ళు మీటింగులో ఉన్నా చెప్పరు.

అట్లని పై చార్ట్ పనికిమాలిందేమీ కాదు. జిల్లా ఖరీఫ్‌లో చెనిక్కాయ వాటా ఎంత, మిగతా అన్నీ కలిపి ఎంత అన్నది చూపాలంటే రెండు ముక్కల గుండ్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది, మూడైనా ఫర్వాలేదు. అంతకు మించితే కమ్మీలే. అవి కూడా నిలువుగా కాకుండా అడ్డంగా పడుకోబెట్టండి, అప్పుడు పంటల పేర్లు ఏటవాలుగా మెడ విరుచుకోకుండా ఎడమ పక్క వరుసగా కూర్చుంటాయి. పెద్దది పైన, చిన్నది కింద. అన్నీ ఒకే రంగు, ఏ పంట గురించి మాట్లాడబోతున్నారో దానికి మాత్రం వేరే రంగు. ఎక్సెల్‌లో ఒక పేచీ ఉంది, పట్టికలో మొదట రాసిన పంట అడ్డ కమ్మీల్లో అట్టడుగుకు పోతుంది. అక్షం ఫార్మాట్‌లోకి వెళ్ళి 'కేటగిరీస్ ఇన్ రివర్స్ ఆర్డర్' అన్నదానికి టిక్ పెడితే సరిపోతుంది. కొస మీద అంకె వేసేస్తే వెనకున్న అడ్డగీతలన్నీ తీసేయొచ్చు.

ఈ కమ్మీ చిత్రం పుట్టుక కూడా సరదాగా ఉంటుంది. విలియం ప్లేఫేర్ అనే స్కాట్లాండ్ ఆయన 1786లో దేశాల ఎగుమతి దిగుమతులను ఏడాది తర్వాత ఏడాదిగా గీతలతో గీశాడు. స్కాట్లాండ్ వంతు వచ్చేసరికి ఒక్క ఏడాది లెక్కలే ఉన్నాయి, ఒక్క ఏడాదికి గీత ఎలా గీస్తాం? అందుకని ఒక్కో దేశంతో జరిగిన వ్యాపారాన్ని కమ్మీలుగా పెట్టాడు. దగ్గరున్న లెక్క ఏమిటన్నదాన్ని బట్టి బొమ్మ మారింది. పై చార్ట్ కూడా ఆయనదే, 1801లో. మీ సార్‌కు ఇది చెప్పండి, గుండ్రం గీసినాయనే కమ్మీలూ గీశాడంటే కొంచెం మెత్తబడతారేమో!

ఇక మీ దగ్గరున్న మిగతా లెక్కలు. వర్షపాతం గురించి కాస్త ఎక్కువ రాస్తాను, మన జిల్లాలో అన్నిటికన్నా ముఖ్యమైన గ్రాఫ్ అదే, అందరూ తేలిగ్గా గీసేసేదీ అదే. ఏడాది సగటు 500, 550 మిల్లీమీటర్ల మధ్య తిరిగే జిల్లాకు వాన ఎంత పడిందన్నది సగం కథే. 31 మండలాలకు ఈ సీజన్ వర్షం, సాధారణ వర్షం (పలు ఏళ్ళ సగటు) రెండేసి కమ్మీలు పక్కపక్కన పెడితే 62 కమ్మీలు, చూసేవాళ్ళకు కళ్ళు తిరుగుతాయి. దానికి బదులు సాధారణం నుంచి ఎంత శాతం తేడా అన్నది మధ్యలో సున్నా గీత పెట్టి కుడి పక్కకు ఎక్కువ, ఎడమ పక్కకు తక్కువ అని గీయండి. వాతావరణ శాఖ పద్ధతిలో మైనస్ 19 నుంచి ప్లస్ 19 శాతం వరకు సాధారణం, మైనస్ 20 నుంచి మైనస్ 59 దాకా లోటు, మైనస్ 60 నుంచి ఇంకా కిందికి పోతే తీవ్ర లోటు. మైనస్ 20, మైనస్ 60 దగ్గర సన్నని చుక్కల గీతలు వేస్తే లోటు మండలాలేవో ఎవరూ వేలు పెట్టి చూపించనక్కర్లేదు.

ఈ శాతంలో ఒక మోసం ఉంది, జాగ్రత్త. వేసవి ముందు నెలల్లో సాధారణ వర్షమే చాలా తక్కువ. ఒక మండలంలో అది 4 మిల్లీమీటర్లనుకోండి, ఒక సాయంత్రం 20 పడిందంటే ప్లస్ 400 శాతం. చార్ట్‌లో ఆ కమ్మీ గోడ దాటి పోతుంది, పొలంలో మాత్రం దుమ్ము అణగడమే. అందుకే శాతాల బొమ్మ సీజన్ మొత్తానికి పనికొస్తుంది కానీ ఆ నెలలకు మిల్లీమీటర్లే చూపించండి.

ఇంకోటి, మన రైతు అడిగే ప్రశ్న అసలు "ఎంత పడింది" కాదు, "ఎప్పుడు పడింది" అని. జూన్‌లో కొంచెం, ఆగస్టంతా బెట్ట, సెప్టెంబరు ఆఖర్లో కుండపోత. మొత్తం కలిపితే సాధారణం! చెనిక్కాయ ఊడలు దిగే సమయానికి నేల పగుళ్ళిచ్చి ఉంటే ఆఖరి వాన ఎంత పడినా కాయ ఏం ఊరుతుంది? సీజన్ మొత్తాన్ని ఒక్క కమ్మీలో పెడితే ఈ సంగతి పూర్తిగా మునిగిపోతుంది. దీనికి కూడిక గీత వాడండి. జూన్ 1 నుంచి రోజురోజుకూ పడిన వర్షాన్ని కలుపుకుంటూ పోతే గీత మెట్లు మెట్లుగా పైకెక్కుతుంది, పక్కనే సాధారణ సంవత్సరపు కూడిక గీత బూడిద రంగులో. వాన లేని రోజుల్లో మీ గీత బల్లపరుపుగా ఉంటుంది. ఆ బల్లపరుపు ఎంత పొడవుంటే బెట్ట అంత. ఎవరికీ వివరించనక్కర్లేదు, వ్యవసాయం తెలిసినవాళ్ళు అది చూడగానే "ఇక్కడే పోయింది పంట" అంటారు. 31 మండలాల గీతలూ ఒకే బొమ్మలో కుక్కవద్దు, నూడుల్స్ అయిపోతుంది. చిన్న చిన్న బొమ్మలుగా ఒకే కొలతతో వరుసల్లో పెట్టండి, లేదంటే ఆ నెల మాట్లాడాల్సిన రెండు మూడు మండలాలే తీసుకోండి.

2022లో ధబేల్మన్న గీత. దీనికి మిమ్మల్ని అనడం అన్యాయం, కానీ ఆ గీత అలా వదలడం కూడా సరికాదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. 63 మండలాల ఉమ్మడి జిల్లాలో 31 ఇటు మిగిలాయి, 32 శ్రీ సత్యసాయి జిల్లాకు పోయాయి. చెనిక్కాయ ఎక్కడికీ పోలేదు, కదిరి, ధర్మవరం పొలాలు లెక్కలో పక్క జిల్లాకు పోయాయంతే. దీనికి మూడు దారులున్నాయి. పాత ఏళ్ళ మండల లెక్కలు దొరికితే ఇప్పటి 31 మండలాలకే వెనక్కి కూడి కొత్త గీత తీయొచ్చు. అన్నిటికన్నా మంచిది ఇదే, శ్రమ కూడా దీనికే ఎక్కువ, పాత రిజిస్టర్లు దుమ్ము దులపాలి. రెండోది, సత్యసాయి జిల్లా లెక్క తెప్పించి 2022 తర్వాత కూడా ఉమ్మడి జిల్లాగానే గీయడం. ఇది తేలిక, కానీ మీ సమీక్ష మీ జిల్లాకు కాబట్టి "మాకు సంబంధం లేని అంకెలెందుకు" అనొచ్చు. ఏదీ కుదరకపోతే గీతను 2022 దగ్గర తెంచేసి, అక్కడ నిలువు చుక్కల గీత పెట్టి, "జిల్లా విభజన" అని రాయండి. తెగిన చోట రెండు ముక్కలనూ కలపకూడదు. గీత కలిపారంటే "ఇది ఒకే వస్తువు, కాలంతో పాటు మారింది" అని చెప్పినట్టే. కర్నూలు, కడప వైపు ఇదే పని చేసేవాళ్ళకూ ఈ తలనొప్పి తప్పదు, అక్కడా అదే రోజు నంద్యాల, అన్నమయ్య జిల్లాలు పుట్టాయి.

పంట కోత ప్రయోగాల (దిగుబడి తెలుసుకోవడానికి పొలంలో కొంత భాగం కోసి తూచడం) లెక్కలు కూడా మీ దగ్గరికి వస్తాయని ఉత్తరంలో వేరేచోట రాశారు. అక్కడ అందరూ చేసేది సగటు దిగుబడి తీసి ఒక కమ్మీ నిలబెట్టడం. దయచేసి ఒక్కసారైనా సోపాన చిత్రం గీసి చూడండి. చదరం గీసి, చెట్లు పెరికి, కాయ తెంపి, తూచి తెచ్చిన అంకెలు వందల్లో ఉంటే వాటిని ఇంత నుంచి ఇంత అని తరగతులుగా విడగొట్టి, ఒక్కో తరగతిలో ఎన్ని పడ్డాయో కమ్మీలుగా నిలబెట్టండి. బోరు కింద వేసినవీ వానాధారం వేసినవీ కలిసిపోయి ఉంటే బొమ్మలో రెండు గుట్టలు లేచే అవకాశం ఉంది, సగటు ఆ రెంటికీ మధ్య పల్లంలో పడుతుంది. అంటే ఏ రైతుకూ రాని దిగుబడి జిల్లా దిగుబడిగా తెర మీదికెక్కుతుంది. తరగతి వెడల్పు మార్చి రెండు మూడు సార్లు గీయండి, మరీ వెడల్పు చేస్తే గుట్టలు కలిసిపోతాయి, మరీ సన్నం చేస్తే పళ్ళ దువ్వెన. ఆ మధ్యలో ఎక్కడో బొమ్మ స్థిరంగా నిలబడుతుంది, దాన్ని ఉంచుకోండి.

వర్షానికీ దిగుబడికీ సంబంధం చూపాల్సి వస్తే చుక్కల బొమ్మ, అదే స్కాటర్. ఒక్కో మండలం ఒక్కో చుక్క. సహసంబంధ గుణకం (రెండు లెక్కలు ఎంతగా కలిసి నడుస్తాయో చెప్పే అంకె) 0.8 వచ్చిందని ఒక్క అంకె చెప్పి ఊరుకోకండి. 1973లో ఫ్రాన్సిస్ అన్‌స్కూంబ్ అనే గణాంక నిపుణుడు నాలుగు చిన్న పట్టికలు తయారుచేశాడు, ఒక్కోదానిలో పదకొండు జతలు. నాలుగింటికీ సగటు, విస్తృతి (అంకెలు ఎంత చెదిరి ఉన్నాయన్నది), సహసంబంధం దాదాపు ఒకటే, గీస్తే మాత్రం ఒకటి మామూలు చుక్కల గుంపు, ఒకటి వంపు తిరిగిన గీత, మిగతా రెండింటిలో ఒక్క చుక్క పక్కకు పోయి మొత్తం లెక్కను తనవైపు లాగేస్తుంది. మీకు ఎమ్మెస్సీలో ఇది వచ్చే ఉంటుంది. సార్‌కు పీపీటీలో ఆ నాలుగు బొమ్మలు చూపించారంటే గ్రాఫ్ ఎందుకు గీస్తామన్నది ఉపన్యాసం లేకుండానే అర్థమవుతుంది. ఎడమ పక్క వర్షం, కుడి పక్క దిగుబడి అని రెండు నిలువు కొలతలు పెట్టే బొమ్మకు మాత్రం దూరంగా ఉండండి. కొలతలు అటూ ఇటూ జరిపితే ఏ రెండు గీతలనైనా అన్నదమ్ముల్లా నడిపించొచ్చు.

ఇప్పుడు ఆ 90.

మీరు అసలు అంకెలు రాయలేదు, లెక్క కోసం పోయినేడు 91 శాతం, ఈ ఏడు 94 అనుకుందాం. కమ్మీని 90 నుంచి మొదలుపెడితే ఒకటి 1 సెంటీమీటరు, ఇంకోటి 4 సెంటీమీటర్లు. చూసేవాళ్ళ కంటికి నాలుగింతలు. కమ్మీ చెప్పేదంతా తన పొడవుతోనే చెబుతుంది కాబట్టి మొదలు నరికితే అబద్ధమే అవుతుంది, పక్కన అంకె రాసినా సరే. గీతకూ చుక్కకూ ఈ పట్టింపు లేదు, అవి పొడవుతో కాక ఉన్న చోటుతో చెబుతాయి. జ్వరం చార్ట్‌ను ఎవరూ సున్నా నుంచి గీయరు. కాబట్టి మీ మనసొప్పకపోవడం సబబే, కానీ "సున్నా నుంచే గీయాలి" అన్నది అన్ని బొమ్మలకూ నియమం కాదు, సార్‌తో ఆ మాట అనేముందు గుర్తుంచుకోండి.

సార్ కోరిక కూడా మరీ దొంగ కోరికేం కాదు. 91 నుంచి 94కి తేవడానికి కింద చాలామంది తిరిగి ఉంటారు, అది కనపడాలని ఆయన ఆశ. కనపడేట్టు చేయొచ్చు, నిజం చెబుతూనే. అందినవాళ్ళను కాకుండా అందనివాళ్ళను గీయండి. పోయినేడు 9 శాతం, ఈ ఏడు 6. సున్నా నుంచే మొదలైన కమ్మీలు, మూడో వంతు తగ్గినట్టు తేటగా కనపడుతుంది, అందులో అబద్ధం రవ్వంత లేదు. దీనికో ఇబ్బంది ఉంది, ముందే చెబుతున్నాను. "ఆ 6 శాతం ఎవరు, ఏ మండలాల వాళ్ళు?" అని పెద్ద సార్ తప్పకుండా అడుగుతారు. మీ సార్ దగ్గర ఆ జాబితా ఉండాలి. జాబితా మీరే సిద్ధం చేసి ఆయన చేతిలో పెట్టారనుకోండి, ఆ రోజు ఆయనకు మీ విలువ ఇంకోలా తెలుస్తుంది. అది వద్దంటే రెండేళ్ళనూ రెండు చుక్కలుగా, నిలువు కొలత మీద 90 స్పష్టంగా కనపడేట్టు పెట్టండి. అదీ కాదు, కమ్మీలే కావాలి, 90 నుంచే కావాలి అంటే "నిలువు కొలత 90 నుంచి మొదలు" అని బొమ్మ మీదే రాసి, పట్టికను కూడా జతచేసి మెయిల్‌లో పంపండి. ఆ రాసింది కూడా తీసేయమంటే అప్పుడిక ఆలోచించాల్సిన విషయమే, దానికి తర్వాత వస్తాను.

మాట పడ్డ సంగతి. మీకున్న దారులు నాకు కనిపించినంతలో ఇవి. చెప్పినట్లే చేసుకుపోవడం మీ ఆయన దారి. ఆయన్ను తీసిపారేయను, రెన్యువల్ ముందు ఇంట్లో మనిషి అలా అనడం సహజం. కానీ మీ విషయంలో ఆ దారి ఇప్పటికే ఒకసారి బెడిసింది కదా, చెప్పినట్లే చేశారు, మాటా మీరే పడ్డారు. వచ్చే నెల ఇంకో ముక్క గురించి ఇంకో ప్రశ్న వస్తే మళ్ళీ అదే జరుగుతుంది. మీటింగులోనే లేచి "సార్, మీరే చెప్పారు" అనడం ఇంకో దారి. అన్నందుకు ఆ పూట మనసు చల్లబడుతుందేమో కానీ అందరి ముందు చిన్నబోయిన పై అధికారి దాన్ని మర్చిపోరు, ఔట్‌సోర్సింగ్ మనిషికి ఆ ఖర్చు ఎక్కువ. నేనైతే అటు పోను.

నాకు నచ్చిందేమిటంటే, సమీక్షకు ఒకరోజు ముందే, ఆయన కొంచెం తీరికగా ఉన్నప్పుడు, రెండు కాగితాలు తీసుకుని గదిలోకి వెళ్ళడం. ఒకదాని మీద ఆయన అడిగిన గుండ్రం, ఇంకోదాని మీద అవే అంకెలతో అడ్డ కమ్మీలు. ఏది మంచిదో మీరు చెప్పకండి. "సార్, పెద్ద సార్ పోయినసారి కంది, ఆముదం అడిగారు కదా, ఈసారి అడిగితే ఏ కాగితం చూసి చెబితే తేలిగ్గా ఉంటుందో మీరు చూడండి" అనండి. ఎన్నుకున్నది ఆయనే అవుతుంది, మీటింగులో దాన్ని వెనకేసుకొచ్చేదీ ఆయనే అవుతుంది. ఈ దారిలో మీకు ప్రతినెలా రెట్టింపు పని, అది నిజం. ఆయన మళ్ళీ గుండ్రమే ఎన్నుకోవచ్చు కూడా. ఎన్నుకుంటే గొడవ పడొద్దు, త్రీడీ తీసేసి, ఐదు పంటలు ఉంచి మిగతావి "ఇతర" కింద కలిపి, పేరూ అంకే ముక్క మీదే రాసేయండి. కమ్మీల కాగితం మీ ఫైల్లో ఉంచుకోండి, ప్రశ్న రాగానే తీసి ఆయన చేతికిచ్చేయొచ్చు. రంగుల దగ్గర, ఆకారం దగ్గర ఆయన మాట నెగ్గనివ్వండి. అక్కడ పోయేది అందం, కొంచెం సమయం. కొలత నరకడం దగ్గర మాత్రం మీరు నిలబడాలనే నా అభిప్రాయం. ఆ అంకెలను చూసి ఎవరో ఒక మండలానికి విత్తనం చాలని నిర్ణయిస్తారు.

ఒకవేళ ఆ రాత కూడా తీసేయమన్నారంటే రెండే ఉన్నాయి. గీసిచ్చి, మీరు పంపిన పట్టిక, మెయిల్ దగ్గరుంచుకోవచ్చు. ఎవరైనా తర్వాత అడిగితే నిజం అంకెలు మీరు ఇచ్చారన్న రుజువు ఉంటుంది, మనసుకు మాత్రం ముల్లు ఉంటుంది. లేదా "ఈ ఒక్కటి నా చేత కాదు సార్, ఇంకెవరి చేతనైనా చేయించండి" అని నెమ్మదిగా అనొచ్చు. రెన్యువల్ మీద దెబ్బ పడొచ్చు, పడకపోనూవచ్చు. మీ ఇంటి ఖర్చులు, అప్పులు నాకు తెలియవు కాబట్టి రెంటిలో ఏదన్నది నేను చెప్పకూడదు. ఎటూ ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ ఉంది, ఏపీపీఎస్సీ అసిస్టెంట్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టులకు నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో కన్నేసి ఉంచండి, రోజుకో గంట చదువుకోండి. ఇంకో దారి తెరిచి ఉందంటే సార్ గదిలోకి వెళ్ళేటప్పుడు గొంతు కూడా కొంచెం తేలిగ్గా పెగులుతుంది.

ఉత్తరం చివర్లో చిన్న ప్రశ్న అడిగారు, పీపీటీలో చార్ట్ పైన ఏం రాయాలని. "ఖరీఫ్ పంటల విస్తీర్ణం, మండలాల వారీగా" అని రాస్తుంటారు అందరూ, అది ఫైలు మీద రాసే పేరు. మీరు మొదట్లో కాగితం మీద రాసుకున్న ప్రశ్నకు జవాబు రాయండి, "ఈసారి ఆముదం కందిని దాటింది" అనో, "తొమ్మిది మండలాల్లో లోటు వర్షం" అనో, లెక్క ఏది చెబితే అది. మండలాల పేర్లు తెలుగులోనే పెట్టండి. పంపేముందు ఒక కాపీ బ్లాక్ అండ్ వైట్‌లో జిరాక్స్ తీయించి చూడండి, మీటింగులో సగం మంది చేతికి వచ్చేది ఆ జిరాక్సే. అందులోనూ ఏ కమ్మీ ఏదో తెలిస్తే పంపేయొచ్చు.